దీపమే వణికిందా... తెరే ఊగిందా?

వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఓ వెలుగు. ఉన్నట్టుండి పెరుగుతుంది, గంటలోనే తగ్గుతుంది. ఆ మార్పు నిజంగా అక్కడే జరుగుతోందా? లేక మన ముంగిట్లో ఏదైనా అడ్డొస్తోందా? తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలకు దాదాపు నలభై ఏళ్లు పట్టింది!

ఆరుబయట మంచం వేసుకుని వెల్లకిలా పడుకుంటే ఆకాశం నిండా చుక్కలు. అన్నీ మిణుకు మిణుకుమంటుంటాయి. వాటి మధ్య ఒకటో రెండో మాత్రం నిలకడగా వెలుగుతాయి. 'మిణికేది చుక్క, మిణకనిది గ్రహం' అని ఇంట్లో పెద్దవాళ్లు ఆనవాలు చెప్పే ఉంటారు. గురుడో, శుక్రుడో అలాగే గుర్తుపడతాం.

శ్రావణమాసంలో రాత్రి తొమ్మిదింటప్పుడు ఉత్తరం వైపు తిరిగి తలెత్తండి. బాగా పైన తెల్లగా మెరుస్తూ కనిపించేదే అభిజిత్ నక్షత్రం. పంచాంగంలో అభిజిత్ ముహూర్తానికి ఉన్న పేరే దీనిదీ. ఇంగ్లిషు పేరు వేగా. దానికి కాస్త పడమరగా, ఏడు పున్నమి చంద్రుళ్లను వరసగా పేర్చినంత దూరంలో ఇంకొకటి ఉంది. మన కంటికి అక్కడ ఏమీ కనిపించదు. రేడియో టెలిస్కోపుకి మాత్రం కనిపిస్తుంది. పేరు జే 1819+3845. పేరులోని అంకెలే ఆకాశంలో దాని చిరునామా.

అదొక క్వేజార్. దాన్నుంచి మనకు చేరుతున్న రేడియో తరంగాలు బయల్దేరి సుమారు 500 కోట్ల ఏళ్లయింది. అంటే మన భూమి పుట్టకముందే ప్రయాణం కట్టాయన్నమాట! 1999లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోపుతో దాన్ని గమనించిన జేన్ డెనెట్-థోర్ప్, గెర్ డి బ్రైన్ ఆశ్చర్యపోయారు. కొద్ది గంటల్లోనే దాని రేడియో వెలుగు 300 శాతానికి పైగా మారిపోతోంది. అంతటి చపలచిత్తాన్ని రేడియో ఆకాశంలో, అందునా మన పాలపుంతకు అవతల, అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఏడేళ్లకు ఇంకో వింత. 2006 జూన్‌కీ 2007 ఫిబ్రవరికీ మధ్య ఎప్పుడో ఆ మిణుకు ఆగిపోయింది. ఎవరో ఊదేసినట్టు! క్వేజార్ మాత్రం అక్కడే ఉంది, వెలుగుతూనే ఉంది.

మరి ఆగిపోయిందేమిటి?

చుక్క కాని చుక్క

కథ మొదటికి వెళ్దాం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రేడియో యాంటెన్నాలు ఆకాశం వైపు తిరిగాయి. చుక్కల్లాంటి రేడియో ఆధారాలు వందల్లో బయటపడ్డాయి. అవేమిటో ఎవరికీ అంతుచిక్కలేదు. 1962లో వాటిలో ఒకటైన 3సీ 273కి చంద్రుడు అడ్డొచ్చాడు. ఆ గ్రహణాన్ని ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో గమనించి సిరిల్ హజార్డ్ బృందం దాని స్థానాన్ని కచ్చితంగా పట్టుకుంది. సరిగ్గా ఆ చోట మామూలు దుర్భిణుల్లో చుక్కలాంటిదొకటి కనిపించింది. 1963లో అమెరికాలోని పాలొమార్ టెలిస్కోపుతో దాని కాంతిని విడదీసి చూసిన మార్టెన్ ష్మిట్ కంగుతిన్నారు. అది నక్షత్రం కానే కాదు. సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది!

అంత దూరాన ఉన్నా ఇంతగా వెలుగుతోందంటే అసలు వెలుగు ఎంతుండాలి? ఒక గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిసినా చాలవు. 'చుక్కలాంటి ఆధారం' అన్న అర్థంతో క్వేజార్ అని పేరు పెట్టారు. గెలాక్సీ నడిబొడ్డున కూర్చున్న మహా కృష్ణబిలం చుట్టూ ఉన్న పదార్థాన్ని మింగుతూ వెదజల్లే శక్తే ఈ వెలుగని తర్వాత్తర్వాత తేలింది.

మాస్కో నుంచి వచ్చిన కబురు

ఇంత పెద్ద దీపం నిలకడగా వెలగాలి కదా? అదే అందరూ అనుకున్నారు. 1965లో ఆ అభిప్రాయం చెదిరింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విలియం డెంట్ ఇదే 3సీ 273ని గమనిస్తూ దాని రేడియో వెలుగు ఏటికేడు మారుతోందని ప్రకటించారు.

అదే ఏడాది మాస్కోలో ఇంకా పెద్ద సంచలనం. అంతకుముందే నికొలాయ్ కర్దషెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త ఓ ఊహ చేసి ఉన్నారు. సీటీఏ-21, సీటీఏ-102 అనే రెండు రేడియో ఆధారాలు గ్రహాంతర నాగరికతల సంకేతాలు కావచ్చేమోనన్నది ఆ ఊహ. గెన్నాదీ షోలొమిత్స్కీ రెండో దాన్ని వరసగా గమనించారు. దాని వెలుగు సుమారు వంద రోజులకోసారి పెరిగి తగ్గుతున్నట్టు తోచింది. ఇంకేం... 1965 ఏప్రిల్‌లో సోవియట్ వార్తా సంస్థ టాస్ ఆ వార్తను లోకానికి వినిపించింది. పత్రికలు గ్రహాంతరవాసులు పిలుస్తున్నారని రాసేశాయి! అమెరికాలో బర్డ్స్ అనే రాక్ బృందం 1967లో ఆ ఆధారం పేరుతోనే ఓ పాట విడుదల చేసింది.

అంతలోనే ఆ ఊహ చల్లారింది. సీటీఏ-102 కూడా దూరాన ఉన్న మరో క్వేజారేనని తేలింది. గ్రహాంతరవాసుల మాట అటకెక్కింది. దాంతోపాటే షోలొమిత్స్కీ గమనించిన మార్పును కూడా చాలామంది నమ్మడం మానేశారు. 'అలా జరగడానికి వీల్లేదు' అన్నారు. ఎందుకు వీల్లేదు? అక్కడే ఉంది అసలు చిక్కు.

దండోరా లెక్క

ఊళ్లో దండోరా వేస్తున్నారనుకోండి. వేసే మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి గంట పడుతుంది. మరి ఆ కబురు విని ఊరంతా ఐదు నిమిషాల్లో దీపాలార్పగలదా? కుదరదు. ఐదు నిమిషాల్లో ఆరిపోయిందంటే ఆ ఊరు ఐదు నిమిషాల నడకకు మించి ఉండదన్నమాట.

విశ్వంలో అన్నిటికంటే వేగంగా నడిచే దండోరా కాంతి. కాబట్టి ఏ వస్తువైనా వంద రోజుల్లో మొత్తంగా మారిందంటే దాని పరిమాణం వంద కాంతి రోజులకు మించకూడదు. ఒక్క గంటలో మారితే ఒక్క కాంతి గంటకు మించకూడదు. మన సౌరకుటుంబంలో సూర్యుడి నుంచి శని దూరమే ఇంచుమించు గంటా ఇరవై నిమిషాలు!

అంత చిన్న చోట అంత వెలుగు ఇరికితే ఏమవుతుంది? దానికీ ఓ హద్దుంది. రేడియో వెలుగు సాంద్రతను శాస్త్రవేత్తలు డిగ్రీల్లో కొలుస్తారు. అది సుమారు లక్ష కోట్ల డిగ్రీలు దాటితే, రేడియో తరంగాలను పుట్టిస్తున్న ఎలక్ట్రాన్లు తమ శక్తినంతా ఎక్స్ కిరణాల రూపంలో పోగొట్టుకుని గబగబా చల్లారిపోతాయి. 1969లో కెన్ కెల్లర్‌మన్, ఇవాన్ పాలినీ-టోత్ ఈ హద్దును వివరించారు. వంద రోజుల్లో మారే సీటీఏ-102 ఆ హద్దును మీరుతోంది. అంటే గమనించినవాళ్లు పొరబడి ఉండాలి... లేదా భౌతికశాస్త్రమే పొరబడి ఉండాలి.

1972లో ఆస్ట్రేలియాలోని మొలాంగ్లో టెలిస్కోపుతో రిచర్డ్ హన్‌స్టెడ్ తక్కువ పౌనఃపున్యంలో మారుతున్న నాలుగు ఆధారాలను ప్రకటించారు. అందులో సీటీఏ-102 కూడా ఉంది! షోలొమిత్స్కీ చూసింది కల్ల కాదు. సమస్య మాత్రం అలాగే మిగిలింది.

ఊటీ కొండవాలు మీద...

ఇక్కడ మళ్లీ మన ఆరుబయటి మంచం దగ్గరికి రావాలి. చుక్క ఎందుకు మిణుకుతుంది? చుక్క తప్పేమీ లేదు. మన గాలిలో వేడి పొరలు, చల్లటి పొరలు కదులుతూ కాంతిని అటూ ఇటూ వంచుతాయి. మరి గ్రహం ఎందుకు మిణకదు? అది మనకు చిన్న బిళ్లలా కనిపిస్తుంది. బిళ్లలోని ఒక్కో చోటు నుంచి వచ్చే కాంతి ఒక్కో రకంగా వణుకుతుంది. అన్నీ కలిసి సర్దుకుంటాయి. చుక్క అలా కాదు, ఒకే ఒక్క బిందువు. అందుకే వణుకు బయటపడుతుంది. మిణికిందంటే అది చాలా చిన్నగా కనిపిస్తోందని అర్థం.

రేడియో తరంగాలను మన గాలి అంతగా కదిలించదు. సూర్యుడి నుంచి వీచే సౌరపవనం కదిలిస్తుంది. చిన్న రేడియో ఆధారాలు ఆ గాలిలోంచి కనిపించినప్పుడు సెకన్లలో మిణుకుతాయని 1964లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఆంటొనీ హ్యూయిష్ బృందం వెల్లడించింది. మిణికేవాటిని ఏరితే క్వేజార్లు దొరుకుతాయి కదా! అందుకోసమే నాలుగున్నర ఎకరాల్లో యాంటెన్నాలు పాతారు. 1967లో ఆ కాగితపు చుట్టల మీద గీతలు చూస్తున్న పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్‌కు క్వేజార్‌కు పొంతన లేని ఓ గజిబిజి కనిపించింది. అదే మొట్టమొదటి పల్సార్! వెతికింది మిణుకు కోసం, దొరికింది కొత్త రకం నక్షత్రం.

మన దేశంలోనూ ఈ మిణుకును పట్టే టెలిస్కోపుంది. 1970లో గోవింద్ స్వరూప్ నాయకత్వంలో ఊటీ దగ్గర కట్టారు. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఆ చోటు అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. కొండవాలు కూడా అంతే ఉన్న చోటు వెతికి మరీ పట్టుకున్నారు. దాంతో టెలిస్కోపు పొడవు భూమి అక్షానికి సమాంతరంగా కుదిరింది. ఒక్క దిశలో తిప్పితే చాలు, గంటల తరబడి ఒకే ఆధారాన్ని వెంబడించొచ్చు. చంద్రుడు అడ్డొచ్చినప్పుడు రేడియో ఆధారాల పరిమాణాలు కొలవడం దీని మొదటి పని. ఆ తర్వాత దశాబ్దాల పాటు రేడియో ఆధారాల మిణుకును చూసి సౌరపవనం వేగాన్నీ, సౌర తుపానుల రాకనీ లెక్కగట్టింది. తెర తీరు తెలుసుకోవడానికి దీపాన్ని వాడుకోవడమన్నమాట!

పాలపుంత వేసిన తెర

సౌరపవనం వల్ల వచ్చే మిణుకు సెకన్లది. క్వేజార్లలో కనిపిస్తున్నది రోజులది, నెలలది. మరి దానికి తెర ఎక్కడ?

నక్షత్రాల మధ్య ఉన్నది శూన్యం కాదు. పలచటి వాయువుంది. అందులో ఎలక్ట్రాన్లు విడిపోయి తిరిగే మేఘాలున్నాయి. పల్సార్ల వెలుగు మారడానికి అవి కారణమని అప్పటికే తెలుసు. క్వేజార్ల సంగతీ అంతేనని, తక్కువ పౌనఃపున్యంలో నెమ్మదిగా కనిపించే మార్పులు పాలపుంతలోని ఈ వాయువు పనేనని 1984లో రికెట్, కోల్స్, బూర్జ్వా వివరించారు. దీంతో హన్‌స్టెడ్ చూసిన మార్పులకు జవాబు దొరికింది. భౌతికశాస్త్రం హద్దు పదిలంగా ఉంది!

మరో ఆధారం అనుకోని చోట దొరికింది. అమెరికా నౌకాదళ వేధశాల కోసం గ్రీన్‌బ్యాంక్‌లోని యాంటెన్నాలు భూభ్రమణాన్ని కొలవడానికి 36 రేడియో ఆధారాలను ఏళ్ల తరబడి గమనించాయి. ఆ లెక్కలను తిరగేస్తే, 1981లో 0954+658 అనే ఆధారం వెలుగు కొన్ని వారాల పాటు బాగా పడిపోయి మళ్లీ కోలుకున్నట్టు కనిపించింది. దీపానికి అడ్డంగా ఏదో మేఘం దాటిపోయినట్టు! 1987లో రాల్ఫ్ ఫీడ్లర్ బృందం దీన్ని ప్రకటించింది. గడియారాలు సరిచేసుకోవడానికి రాసుకున్న అంకెల్లో కంటికి కనిపించని మేఘం దొరికిందన్నమాట.

గంటలో ఇంత మార్పా!

సరే, నెలల మార్పు తెర వల్ల. మరి గంటల మార్పు? 1980ల మధ్యలో జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ వంద మీటర్ల టెలిస్కోపుతో చూసినవాళ్లకు ఒక్క రోజులోనే మారే క్వేజార్లు కనిపించాయి. ఆ పౌనఃపున్యాల్లో తెర ప్రభావం అంతగా ఉండదనుకుంటున్న రోజులవి. వాదోపవాదాలు మొదలయ్యాయి. 'దీపమే వణుకుతోంది' అన్నది ఒక వర్గం. 'తెరే ఊగుతోంది' అన్నది ఇంకో వర్గం.

1996లో ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థిని లూసినా కెజోరా-హుడ్జర్ బృందానికి పీకేఎస్ 0405-385 దొరికింది. అది గంటలోపే మారిపోతోంది. మార్పు నిజంగా క్వేజార్‌దే అయితే ఉష్ణోగ్రత లెక్క ఆ హద్దుకు వంద కోట్ల రెట్లు పైన తేలింది! అది నమ్మశక్యం కాదు. తెర వల్లేనని వాళ్లు వాదించారు. కాకపోతే 'నమ్మశక్యం కాదు' అన్నది రుజువు కాదు కదా. షోలొమిత్స్కీ విషయంలో ఆ తప్పు ఒకసారి జరిగింది.

రెండు ఖండాలు... ఒకే నీడ

రుజువు ఎలా? మధ్యాహ్నం బావిలోకి తొంగిచూడండి. నీటి అడుగున ఎండ వలలా అల్లుకుని కదులుతుంటుంది. వెలుగు గీతలు, వాటి మధ్య చీకటి మచ్చలు. క్వేజార్ వెలుగు కూడా వాయు మేఘం గుండా వచ్చి భూమి మీద ఇలాంటి వలనే పరుస్తుంది. ఆ వల సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో మనల్ని దాటిపోతుంది. అలాగైతే భూమ్మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే ఒకే ఎగుడుదిగుడు ఒకచోట ముందు, రెండోచోట తర్వాత కనిపించాలి. మార్పు క్వేజార్‌లోనే ఉంటే రెండు చోట్లా ఇంచుమించు ఒకేసారి కనిపించాలి.

ఎంత తేలికైన పరీక్ష! పీకేఎస్ 0405-385ని అమెరికాలోని వీఎల్ఏ టెలిస్కోపు, ఆస్ట్రేలియాలోని ఏటీసీఏ కలిసి చూశాయి. తేడా సుమారు 140 సెకన్లు. జే 1819+3845కి కూడా అలాంటి ఆలస్యమే బయటపడిందని 2002లో ప్రకటించారు. హేలీ బిగ్నాల్ బృందం గమనించిన పీకేఎస్ 1257-326లో ఆ తేడా ఒక దశలో 8 నిమిషాలు! కాంతి ఆ రెండు ఖండాల మధ్య దూరాన్ని సెకనులో చిన్న భాగంలో దాటేస్తుంది. నిమిషాల ఆలస్యం కాంతిది కాదు, మేఘం నీడది.

ఇంకో సాక్ష్యం పంచాంగం లాంటిది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. కొన్ని నెలలు మేఘం కదిలే దిశలోనే పోతుంది, అప్పుడు మిణుకు నెమ్మదిస్తుంది. కొన్ని నెలలు ఎదురెళుతుంది, అప్పుడు జోరందుకుంటుంది. ఎదురొచ్చే రైలు ఝామ్మని దాటిపోవడం, పక్కనే వచ్చే రైలు నింపాదిగా దాటడం చూస్తాం కదా... అదే. జే 1819+3845, పీకేఎస్ 1257-326 రెండూ ఏడాది పొడవునా ఈ లయ తప్పలేదు. 500 కోట్ల ఏళ్ల కింద వెలిగిన క్వేజార్‌కు మన భూమి ఏ నెలలో ఎటు తిరుగుతోందో ఎలా తెలుస్తుంది? తెలియదు. తెరే ఊగింది!

వీఎల్ఏతో 2002-03లో 443 చిన్న ఆధారాలను నాలుగు విడతలుగా గమనించారు. సగానికి పైగా ఒక్క విడతలోనైనా మిణికాయి. అందులోనూ పాలపుంత వాయువు చిక్కగా ఉన్న వైపువే ఎక్కువ. జే 1819+3845లా గంటల్లో తలకిందులయ్యేవి మాత్రం చాలా అరుదు.

అభిజిత్ చేసిన అల్లరా?

మరి 2007 నాటికి ఆ మిణుకు ఎందుకు ఆగింది? మేఘం దాటిపోయింది కాబట్టి! క్వేజార్‌కు ఏమీ కాలేదు. ఆ తెర మనకు పదేళ్ల కాంతి ప్రయాణమంత దగ్గరలోనే ఉండొచ్చని డి బ్రైన్, మెకార్ట్ అంచనా వేశారు. 500 కోట్ల ఏళ్లు నిబ్బరంగా నడిచొచ్చిన వెలుగు చివరికి మన గుమ్మం ముందు తడబడిందన్నమాట.

ఆ మేఘం ఎవరిది? 2017లో మార్క్ వాకర్ బృందం ఓ కొత్త ప్రతిపాదన చేసింది. ఇలా విపరీతంగా మిణికే ఆధారాల దారికి దగ్గర్లో వేడి నక్షత్రాలు ఉంటున్నాయని, వాటి చుట్టూ ఉన్న వాయువు ముక్కలే ఈ తెరలని వాళ్ల వాదన. జే 1819+3845 విషయంలో వాళ్లు వేలెత్తి చూపిన నక్షత్రం... మన అభిజిత్తే! అది 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దూరాల లెక్క అంచనాల్లో ఇంకా తేడాలున్నాయి. ఇంత దగ్గర్లో ఇలాంటి మేఘాలున్నాయని చెప్పింది మాత్రం ఆ దూరపు దీపమే.

దీపమూ వణుకుతుంది

అలాగని తప్పంతా తెరదే అనుకోవద్దు. క్వేజార్లు నిజంగానూ మారతాయి. కృష్ణబిలం దగ్గర నుంచి కాంతి వేగానికి చేరువలో చిమ్మే ధారలో కొత్త ముద్దలు పుట్టినప్పుడల్లా వెలుగు నెలలు, ఏళ్ల తరబడి పెరిగి తగ్గుతుంది. ఆ ధార మన వైపే గురిపెట్టి ఉంటే వెలుగు ఎన్నో రెట్లు పెరిగి, మార్పు మరింత వేగంగా కనిపిస్తుంది. 1966లో మార్టిన్ రీస్ ఊహించిన ఈ కిటుకే లక్ష కోట్ల డిగ్రీల హద్దును పైకి జరిపింది. డెంట్ 1965లో 3సీ 273లో చూసింది ఇలాంటి అసలు మార్పే. 2017లో దక్షిణ ధ్రువం దగ్గర ఐస్‌క్యూబ్ పట్టిన ఓ న్యూట్రినో ఏ దిక్కు నుంచి వచ్చిందా అని చూస్తే, అక్కడ టీఎక్స్ఎస్ 0506+056 అప్పుడే భగ్గుమంటూ కనిపించింది. దీపాల అసలు వణుకును కనిపెట్టి ఉండాల్సింది ఇందుకే.

తెర మాత్రం ఇంకా వదల్లేదు. రష్యా 2011లో రేడియోఆస్ట్రాన్ అనే టెలిస్కోపును ఇంచుమించు చంద్రుడి దూరం దాకా వెళ్లే కక్ష్యలోకి పంపింది. దాంతో 3సీ 273ని చూస్తే వెలుగు పది లక్షల కోట్ల డిగ్రీలకు మించి తేలింది. హద్దు మళ్లీ దాటిందా? 18 సెంటీమీటర్ల తరంగాల దగ్గర కనిపించిన సంకేతం చాలావరకు పాలపుంత తెర పుట్టించిందేనని 2016లో మరో విశ్లేషణ చూపింది. మిగతా తరంగాల దగ్గర తేలిన లెక్క మాత్రం ప్రశ్నగానే నిలిచింది. అరవై ఏళ్ల కిందటి క్వేజారే, అరవై ఏళ్ల కిందటి ప్రశ్నే!

చంద్రుడి మీద రూపాయి బిళ్ల పెట్టి భూమి నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో, ఈ మిణికే క్వేజార్ల నడిబొడ్డు కూడా ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటుంది. ఒక్క టెలిస్కోపు కన్ను ఏదీ అంత సన్నగా చూడలేదు. మిణుకు చూపించింది. చూపుకు అడ్డమనుకున్న తెరే కళ్లద్దమైంది.

ఈసారి ఆరుబయట పడుకున్నప్పుడు అభిజిత్‌కు పడమరగా ఖాళీగా ఉన్న ఆ చోటును ఒక్కసారి చూడండి. ఏమీ కనిపించదు. అయినా అక్కడో దీపం వెలుగుతోంది. ఇప్పుడు నిలకడగా...